సైకిల్ సందేహాలు: సింగపూర్ దీవిలో ఎవరికి ఏ దారి?

పోయిన నెల ఈ శీర్షికలో, సింగపూర్‌లో ఉన్న మన తెలుగువాళ్ళు సైకిల్‌ని బాల్కనీలో బట్టలారేసుకునే స్టాండులా వదిలేస్తున్నారని బాధపడుతూ రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమంది అడిగింది "మాలాంటివాళ్ళకి కుదిరే దారులు ఉన్నాయా" అనే. ఉన్నాయి. ఇది చిన్న దీవి, మహా అయితే 50 కిలోమీటర్ల పొడవు, ఎత్తైన కొండ అంటే బుకిట్ తిమా, అదీ 163 మీటర్లే. పార్కునీ పార్కునీ కలుపుతూ వేసిన 'పార్క్ కనెక్టర్' దారులు 300 కిలోమీటర్లు దాటిపోయాయి, వాటిమీద కారు, బస్సు ఏదీ రాదు. ఎవరు అడిగినా నేను ముందు చూసేది ఒక్కటే, మీ గుంపులో అందరికంటే మెల్లగా తొక్కేది ఎవరు అని. వాళ్ళకి ఏ దారి పడుతుందో అదే అందరి దారి. కింది జవాబులన్నీ ఆ లెక్కలోనే రాశాను.

ప్రశ్న: అక్కా, మా అత్తయ్యగారు రాజమండ్రి నుంచి మూడు నెలలకి వచ్చారు. వయసు 61. కాలేజీ రోజుల్లో రోజూ సైకిల్ మీదే వెళ్ళేవారట, పెళ్ళయ్యాక ముట్టుకోలేదు. ఇక్కడ అందరూ తొక్కుతుంటే చూసి "నేనూ తొక్కుతానే" అంటున్నారు. మా బాబుకి ఏడేళ్ళు, పక్క చక్రాలు తీసేసి రెండు నెలలే అయింది. మావారు మాత్రం బాగా స్పీడు. నలుగురం కలిసి వెళ్ళే చోటు చెప్పండి. పడిపోతారేమోనని నాకు ఒకటే టెన్షన్. – ఒక కోడలు, పుంగోల్

జవాబు: ముందు మీ అత్తయ్యగారికి నా నమస్కారం చెప్పండి. 40 ఏళ్ళ తర్వాత మళ్ళీ ఎక్కాలని అడిగారు చూశారా, సగం పని అక్కడే అయిపోయింది. ఒకసారి నేర్చుకున్న బ్యాలెన్స్ ఒంట్లోంచి పోదు, కానీ మెడ తిప్పి వెనక్కి చూడటం, ఒక్కసారిగా బ్రేకు వెయ్యడం, దిగేటప్పుడు కాలు ఆనించడం ఇవి మాత్రం తుప్పుపట్టి ఉంటాయి, వాటికి రెండు మూడు రోజులు కావాలి.

మీరు ఉన్నదే పుంగోల్ కదా, మొదటి రోజు ఎక్కడికీ పోవద్దు. ఇంటి దగ్గరున్న పుంగోల్ వాటర్‌వే పార్కుకే వెళ్ళండి, అక్కడ తవ్వించిన కాలువ 4.2 కిలోమీటర్ల పొడవు, దాని గట్టునే దారి, చదునుగా ఉంటుంది. పనిరోజు పొద్దున్న వెళ్ళండి, ఆదివారం సాయంత్రం మాత్రం వద్దు, పిల్లలు, కుక్కపిల్లలు, స్కేటింగ్ వాళ్ళు అందరూ ఒకేసారి వస్తారు, కొత్తగా ఎక్కినవాళ్ళు బెదిరిపోతారు. సీటు బాగా కిందికి దించండి. కూర్చున్నప్పుడు రెండు పాదాలూ పూర్తిగా నేలకి ఆనాలి. తొక్కడానికి అది సరైన ఎత్తు కాదని నాకు తెలుసు, మోకాళ్ళు కాస్త నొప్పి పెడతాయి, అయినా మొదటి రెండు రోజులూ కాలు నేలకి అందుతుందన్న ధైర్యమే ముఖ్యం. ఆ తర్వాత రోజుకి ఒక వేలెడు చొప్పున పైకి లేపుకోవచ్చు.

ఇంకో మాట, ఇది అన్నిటికంటే ముఖ్యం. చుడీదార్ వేసుకోమనండి, చున్నీ ఇంట్లో పెట్టి రమ్మనండి. వదిలెయ్యడం ఇష్టం లేకపోతే నడుముకి ముడి వేసి, కొసలు లోపలికి దోపేయాలి. చున్నీ చక్రంలో చుట్టుకుని మెడ బిగుసుకోవడం మనవైపు జరుగుతూనే ఉంటుంది, అది ఎంత నెమ్మదిగా తొక్కినా వచ్చే ప్రమాదం. పాంటు కాలు వదులుగా ఉంటే చైను వైపు రబ్బరుబ్యాండు వేయండి.

ఒక వారం ఇలా అయ్యాక నలుగురూ కలిసి ఈస్ట్ కోస్ట్ పార్కుకి వెళ్ళండి. సముద్రాన్ని పూడ్చి తయారుచేసిన నేల అది, అందుకే బల్లపరుపుగా ఉంటుంది, 15 కిలోమీటర్ల పొడవున ఒడ్డు, నడిచేవాళ్ళకి ఒక దారి, సైకిళ్ళకి ఒక దారి విడివిడిగా ఉంటాయి. చెట్లనీడ, బెంచీలు, మరుగుదొడ్లు అడుగడుగునా ఉండటం పెద్దవాళ్ళకి ఎంత నిశ్చింతో మీకు చెప్పక్కర్లేదు. 2024 జూన్‌లో ఆ వైపు మెట్రో వచ్చింది, మెరీన్ పరేడ్ స్టేషన్లో దిగి, ఎక్స్‌ప్రెస్ రోడ్డు కిందనుంచి వేసిన అండర్‌పాస్ గుండా నడిచి వెళ్ళిపోవచ్చు. సైకిళ్ళు అక్కడే అద్దెకి దొరుకుతాయి. అత్తయ్యగారికి ఆ రోజు అలసటగా ఉంటే నలుగురు కూర్చుని తొక్కే నాలుగు చక్రాల బండి అడగండి, లేదా మీరు ముందు, ఆవిడ వెనక ఇద్దరు తొక్కే సైకిల్ తీసుకోండి.

మీవారి సంగతి. ఆయన్ని ముందు పంపకండి. గుంపులో బాగా తొక్కేవాళ్ళు చివర ఉండాలి, ముందు అత్తయ్యగారు, ఆవిడ వెనక బాబు, తర్వాత మీరు. ముందున్నది ఎవరో వాళ్ళ స్పీడే అందరి స్పీడు అవుతుంది. ఆయనకి స్పీడుగా వెళ్ళాలని ఉంటే తెల్లవారుజామున ఒక్కరే వెళ్ళి రమ్మనండి, ఆ దారి కూడా కింద చెబుతున్నాను.

ప్రశ్న: మేడం, బాబుకి డైనోసార్లంటే పిచ్చి. చాంగి ఎయిర్‌పోర్ట్ దగ్గర డైనోసార్ల సైకిల్ దారి ఉందంటున్నారు, ఆరేళ్ళ పిల్లాడు తొక్కగలడా? – టాంపినీస్

జవాబు: తొక్కగలడు, ఎటునుంచి మొదలుపెడతారో దాన్ని బట్టి. 2020లో తెరిచిన ఆ దారి మొత్తం 3.5 కిలోమీటర్లు, ఒక కొస ఎయిర్‌పోర్ట్ రెండో టెర్మినల్ దగ్గర, రెండో కొస ఈస్ట్ కోస్ట్ పార్కు వైపు వెళ్ళే దారిలో కలుస్తుంది. అందులో ఒక కిలోమీటరు మేర నిలువెత్తు డైనోసార్ బొమ్మలు ఉంటాయి, టికెట్ లేదు. పిల్లాడితో అయితే టెర్మినల్ వైపునుంచే మొదలుపెట్టండి, అక్కడే సైకిళ్ళు అద్దెకి దొరుకుతాయి, స్నానాల గదులు కూడా ఉన్నాయి. ఈస్ట్ కోస్ట్ నుంచి తొక్కుకుంటూ వస్తే డైనోసార్లు కనిపించే సరికే వాడికి ఓపిక అయిపోతుంది, తిరుగు ప్రయాణంలో మీరు ఒక చేత్తో వాడి సైకిల్, ఇంకో చేత్తో మీ సైకిల్ తోసుకుంటూ రావాలి. చాలామంది తల్లిదండ్రులు అలా రావడం చూశాను.

అక్కడినుంచి ఉత్తరంగా చాంగి కోస్ట్ రోడ్డు పక్కన ఒక పొడుగాటి దారి ఉంది, విమానాలు తలమీదుగా దిగుతుంటే పెద్దవాళ్ళకే ఒళ్ళు పులకరిస్తుంది. కానీ నీడ దాదాపు లేదు, నీళ్ళు దొరికే చోట్లు తక్కువ. పిల్లలతో ఉదయం 9 దాటాక అటు వెళ్ళకండి.

ప్రశ్న: నమస్తే. వయసు 45, ఊరు గుంటూరు దగ్గర, ఇక్కడ 12 ఏళ్ళుగా ఉద్యోగం. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది, క్యాలిపర్ వేసుకుని నడుస్తాను. ఆఫీసులో అందరూ ఆదివారం సైకిల్ రైడ్‌కి వెళ్తారు, నేను టిఫిన్ దగ్గర కలుస్తాను. నేను తొక్కే అవకాశం ఏమైనా ఉందా, లేక ఊరికే ఆశపడుతున్నానా? నిజం చెప్పండి. – జురాంగ్

జవాబు: నిజమే చెబుతాను, అవకాశం ఉంది. ఒక్కటి కాదు, నాలుగు రకాలుగా ఉంది, ఏది మీకు పడుతుందో తేల్చుకోవడానికి మాత్రం కాస్త ఓపిక కావాలి. ముందు మీ ఆర్థోపెడిక్ డాక్టర్‌నో ఫిజియోథెరపిస్ట్‌నో ఒకసారి కలిసి, ఎడమ మోకాలు ఎంత వంగుతుంది, తుంటి ఎంత బరువు ఆపుతుంది అని అడగండి. సైకిల్ మీద ఒంటి బరువు కాళ్ళమీద కాదు, సీటు మీద ఉంటుంది. నడవటానికి ఇబ్బంది పడేవాళ్ళు చాలామంది తొక్కగలగడానికి కారణం అదే.

మొదటి రకం, మామూలు సైకిలే. కుడికాలే మొత్తం పని చేస్తుంది, ఎడమపాదం పెడల్ మీదనుంచి జారకుండా పట్టీ ఉంటే చాలు. ఆ పట్టీ లాగితే వెంటనే ఊడేలా ఉండాలి, పడేటప్పుడు కాలు ఇరుక్కోకూడదు. ఎప్పుడూ తేలిక గేరులోనే తొక్కండి, ఆగినప్పుడు కుడికాలు నేలకి ఆనేలా కుడివైపుకి ఒరగడం అలవాటు చేసుకోండి. రెండోది మూడు చక్రాల సైకిల్, ఆగినా పడదు, బ్యాలెన్స్ గొడవే లేదు, కాళ్ళు ముందుకి చాపి కూర్చునే రకం అయితే నడుముకీ సుఖం. మూడోది చేతులతో తిప్పే సైకిల్. మన ఊళ్ళలో చేత్తో తిప్పే మూడు చక్రాల బళ్ళు చూసే ఉంటారు, ఇది దాని కొత్త తరం, గేర్లు, మంచి బ్రేకులు ఉంటాయి, దాంతో మారథాన్లు చేసేవాళ్ళున్నారు. నాలుగోది ఇద్దరు తొక్కే సైకిల్. మీ ఆఫీసు మిత్రుల్లో ఒకరు ముందు కూర్చుంటే మీరు వెనకనుంచి ఎంత శక్తి ఉంటే అంత పెట్టొచ్చు, లేనప్పుడు ఊరికే కూర్చోవచ్చు. మొదలుపెట్టడానికి నేను దీన్నే చెబుతాను, ఎందుకంటే ఈస్ట్ కోస్ట్‌లో అద్దెకి దొరుకుతుంది, ఏమీ కొనక్కర్లేదు, వచ్చే ఆదివారమే ప్రయత్నించొచ్చు.

బ్యాటరీ సైకిల్ సంగతి కూడా అడుగుతారని తెలుసు. తొక్కితేనే మోటారు సాయం చేసే రకానికే ఇక్కడ అనుమతి, గంటకి 25 కిలోమీటర్లు దాటితే ఆ సాయం ఆగిపోవాలి, బండి 20 కిలోల లోపు, వెడల్పు 70 సెంటీమీటర్ల లోపు ఉండాలి, రిజిస్టర్ చేయించాలి, థియరీ పరీక్ష పాసవ్వాలి. దాన్ని ఫుట్‌పాత్ మీదికి ఎక్కించకూడదు, రోడ్డు మీదా సైకిల్ దారిలోనే. కాబట్టి ఏదైనా కొనేముందు మీ ఇంటినుంచి దగ్గరి సైకిల్ దారిదాకా మధ్యలో ఫుట్‌పాత్ ఎంత ఉందో ఒకసారి నడిచి చూసుకోండి. ఇది చూసుకోకుండా కొని, ఇంటిముందే ఆగిపోయినవాళ్ళు నాకు తెలుసు.

మీరు జురాంగ్‌లో ఉంటారు కాబట్టి జురాంగ్ లేక్ గార్డెన్స్ మీకు దగ్గర. చెరువు చుట్టూ చదునైన దారులు, వీల్‌చెయిర్లు కూడా వెళ్తాయి. అక్కడ నాలుగు ఆదివారాలు తొక్కండి. ఐదో ఆదివారం మిత్రులతో కలిసి బయల్దేరండి, కానీ "నేను ముందు ఉంటాను, నా స్పీడుకి మీరు రండి" అని మొదటే చెప్పండి. మొహమాటపడొద్దు. మంచి మిత్రులైతే అలాగే అంటారు.

ఇదే సందర్భంలో, అసలు తొక్కలేని పెద్దవాళ్ళ గురించి ఇంకో ఇద్దరు అడిగారు. ముందు సీట్లో పెద్దవాళ్ళని కూర్చోబెట్టుకుని వాలంటీర్లు తొక్కే రిక్షా లాంటి సైకిళ్ళ పద్ధతి 2012లో కోపెన్‌హాగెన్‌లో మొదలైంది, 'సైక్లింగ్ వితౌట్ ఏజ్' అంటారు, సింగపూర్‌లోనూ ఉంది. చక్రాల కుర్చీకి పరిమితమైన నాన్నగారికి ముఖం మీద గాలి తగిలి ఎన్నాళ్ళయిందో ఒకసారి ఆలోచించి, వాళ్ళని సంప్రదించండి.

ప్రశ్న: పాత రైల్వే లైను మీద తొక్కొచ్చంటున్నారు, కోస్ట్ టు కోస్ట్ అని ఇంకోటి ఉందంటున్నారు. రెండిట్లో ఏది బాగుంటుంది? నాది మామూలు హైబ్రిడ్ సైకిల్ (రోడ్డు సైకిల్‌కీ మౌంటెన్ బైక్‌కీ మధ్యరకం), 20 కిలోమీటర్ల దాకా అలవాటే. – బుకిట్ బాటోక్

జవాబు: రైల్వే లైనే, సందేహం లేదు. కోస్ట్ టు కోస్ట్ 36 కిలోమీటర్లు, జురాంగ్ లేక్ గార్డెన్స్ దగ్గర మొదలై బిషాన్–ఆంగ్ మో కియో పార్కు మీదుగా ఈశాన్య కొసన కోనీ ఐలండ్ దాకా పోతుంది. బాగుంటుంది, కానీ అది నడిచేవాళ్ళని కూడా మనసులో పెట్టుకుని వేసిన దారి, కొన్నిచోట్ల దిగి తోసుకెళ్ళాలి, సిగ్నళ్ళ దగ్గర ఆగాలి. లయ కుదరదు.

రైల్ కారిడార్ అలా కాదు. తాంజోంగ్ పగార్ నుంచి వుడ్‌లాండ్స్ దాకా 24 కిలోమీటర్లు, దీవిని దక్షిణంనుంచి ఉత్తరానికి గీత గీసినట్టు కోసుకుంటూ పోతుంది. మలేషియా రైళ్ళు 2011 జూన్ 30 రాత్రి దాకా ఈ పట్టాల మీదే నడిచాయి, ఆఖరి రైలుని జోహోర్ సుల్తాన్ స్వయంగా నడుపుకుంటూ దేశం దాటించారు. ఆ తర్వాత పట్టాలు దాదాపుగా తీసేశారు, బుకిట్ తిమా దగ్గర రెండు ఉక్కు వంతెనలు, 1932 నాటి చిన్న స్టేషను మాత్రం ఉంచారు. ముందు లైను ఖాళీగా ఉంది, వెళ్ళొచ్చు అనడానికి గుర్తుగా డ్రైవరుకి టోకెన్ అందించి పంపే పద్ధతి ఆ స్టేషన్లో చివరిదాకా నడిచింది. సింగిల్ లైన్ మీద చిన్న చిన్న స్టేషన్లు చూస్తూ పెరిగినవాళ్ళు అక్కడ కాసేపు ఆగకుండా ఉండలేరు. నేను రైల్వే క్వార్టర్స్‌లో పెరిగాను, ఆ ప్లాట్‌ఫారం మీద కూర్చుని మా నాన్నకి ఫోన్ చేసి అరగంట మాట్లాడాను.

రైలు నడిచిన దారి కాబట్టి నిటారు ఎక్కుడు ఎక్కడా ఉండదు, రైలింజను ఎక్కలేనిది అక్కడ లేదు కదా, ఆ వాలు మీ కాళ్ళకి తెలియనే తెలియదు. కానీ నేల తారు కాదు, గట్టిగా దిమ్మిస చేసిన కంకరమట్టి, అక్కడక్కడ గడ్డి. మీ హైబ్రిడ్ టైర్లకి ఇబ్బంది లేదు, సన్నటి రేసింగ్ టైర్లతో మాత్రం వెళ్ళొద్దు. వాన పడిన మర్నాడు కొన్నిచోట్ల బురద ఉంటుంది. నడిచేవాళ్ళు, పరుగెత్తేవాళ్ళు అందరూ అదే దారిలో ఉంటారు, బెల్లు కొట్టి, మెల్లగా దాటండి. ఒకేసారి మొత్తం చెయ్యక్కర్లేదు, వెళ్ళిన దూరం మళ్ళీ వెనక్కి తొక్కాలని గుర్తుంచుకుని, మీ 20 అలవాటుకి 10 దగ్గర వెనక్కి తిరగండి. మడతపెట్టే సైకిల్ అయితే మెట్రో ఎక్కించుకుని వచ్చేయొచ్చు, మామూలు సైకిల్‌ని మెట్రోలోకి రానివ్వరు.

ప్రశ్న: అక్కా, నేను ఎంఎస్ చదవటానికి వచ్చాను. పార్కుల్లో తొక్కి తొక్కి బోర్ కొట్టింది. కొండలు, రాళ్ళు ఉండే దారి కావాలి. పులావ్ ఉబిన్ ఎలా ఉంటుంది? – క్లెమెంటి

జవాబు: వెళ్ళి తీరాల్సిన చోటు తమ్ముడూ. చాంగి పాయింట్ దగ్గర పడవ ఎక్కాలి, 12 మంది పోగయ్యాక కదులుతుంది, పదిహేను నిమిషాల్లోపే అవతల దిగుతావు. డబ్బులు నోట్లుగా పెట్టుకో. పాతకాలం సింగపూర్ ఎలా ఉండేదో అక్కడ కొంచెం మిగిలింది, రేకుల ఇళ్ళు, కొబ్బరిచెట్లు, అడ్డంగా పరిగెత్తే అడవిపందులు. గ్రానైట్ తవ్విన దీవి అది, ఇక్కడి రాయితోనే 1850లలో హార్స్‌బర్గ్ దీపస్తంభం కట్టారు, ఇప్పుడు ఆ గనులన్నీ నీళ్ళు నిండిన చెరువులు.

నీకు కావాల్సింది కెటామ్ మౌంటెన్ బైక్ పార్కు, దాదాపు 10 కిలోమీటర్ల దారి, పాత గని చుట్టూ. మొదట్లోనే బోర్డులు ఉంటాయి, నీలం చతురస్రం అంటే మధ్యరకం, నల్ల డైమండ్ అంటే కష్టం, రెండు నల్ల డైమండ్లు అంటే చాలా కష్టం. నీకు పార్కుల్లో తొక్కిన అలవాటే కాబట్టి మొదటిసారి నీలం గుర్తులోనే ఉండు. నల్ల డైమండ్ వైపు వెళ్ళాలనిపిస్తే ముందు సైకిల్ పక్కన పెట్టి ఆ దిగుడు మొత్తం కాలినడకన చూసిరా. దిగేటప్పుడు పిర్రలు సీటుకి వెనక్కి జరగాలి, పెడల్స్ రెండూ ఒకే ఎత్తులో ఉండాలి, ముందు బ్రేకు ఒక్కటే నొక్కకూడదు. ఉబిన్ ఒకటే కాదు, అసలు దీవిలోనే చెస్ట్‌నట్ పార్కు ఉంది, మౌంటెన్ బైకులకి 8 కిలోమీటర్ల పైచిలుకు విడి దారి, నడిచేవాళ్ళు అందులోకి రారు. నేర్చుకోవడానికి ముందు అక్కడికి వెళ్ళడం మంచిది, ఏదైనా జరిగితే సాయం తొందరగా అందుతుంది.

సైకిల్ మాత్రం చూసి తీసుకో, ఇది నా అనుభవం. ఉబిన్‌లో ఒక దుకాణంలో హడావుడిగా ఒకటి అద్దెకి తీసుకున్నాను. సగం దారిలో, వాలులో, వెనక బ్రేకు తీగ ఊడిపోయింది. ముందు బ్రేకు గట్టిగా పట్టలేక, పక్కనున్న గడ్డిలోకి పోనిచ్చి ఆపాను, మోచెయ్యి గీసుకుపోయింది. అక్కడ పెద్ద రాయో కారో ఉంటే ఈ కాలమ్ రాయడానికి ఉండేదాన్ని కాదు. అప్పటినుంచి ఎక్కడ అద్దెకి తీసుకున్నా డబ్బు ఇవ్వకముందే నాలుగు పనులు చేస్తాను. ఒక్కో బ్రేకు విడిగా పట్టి సైకిల్ ముందుకి తొయ్యాలి, చక్రం తిరగకూడదు. టైరుని బొటనవేలుతో నొక్కాలి. హ్యాండిల్‌ని మోకాళ్ళ మధ్య ముందు చక్రం పెట్టి తిప్పి చూడాలి, కదలకూడదు. గేర్లన్నీ ఒకసారి మార్చి చూడాలి. రెండు నిమిషాల పని. నచ్చకపోతే ఇంకోటి అడుగు, మొహమాటం వద్దు.

కొండలు అక్కర్లేదు, ఊరికే చూసొస్తాం అనేవాళ్ళు ఉబిన్‌లో చెక్ జావా వైపు వెళ్ళొచ్చు. ఆ చిత్తడినేల లోపలికి సైకిల్ రానివ్వరు, బయట పెట్టి చెక్కవంతెన మీద నడవాలి. సముద్రం వెనక్కి వెళ్ళిన సమయం చూసుకుని వెళ్తే నక్షత్ర చేపలు, పీతలు కనిపిస్తాయి. చీకటి పడకముందే రేవుకి వచ్చెయ్యండి.

ప్రశ్న: దీవి మొత్తం చుట్టి రావాలని కోరిక. రోజుకి 60–70 కిలోమీటర్లు తొక్కుతాను. – సెంబావాంగ్

జవాబు: రౌండ్ ఐలండ్ రూట్ అని 150 కిలోమీటర్లకి ప్లాన్ వేశారు, అందులో తూర్పు సగం, 75 కిలోమీటర్లు, 2021 చివర్లో తెరిచారు. దక్షిణాన బెర్లేయర్ క్రీక్ నుంచి మెరీనా బే, ఈస్ట్ కోస్ట్, చాంగి, పసిర్ రిస్, పుంగోల్ మీదుగా ఉత్తరాన రోవర్స్ బే పార్కుదాకా. మీ స్థాయికి ఒక ఉదయం పని. పైన ఉత్తరంలో కోడలుగారు రాసిన స్పీడు భర్తగారికి కూడా ఇదే. సూర్యుడు ఇక్కడ ఏడింటికి గానీ రాడు, అయిదున్నరకే బయల్దేరండి, ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు చట్టప్రకారం తప్పనిసరి.

పశ్చిమ సగానికి రోడ్డు మీదికి ఎక్కక తప్పదు. అప్పుడు హెల్మెట్ తప్పనిసరి, ఎక్స్‌ప్రెస్‌వేలు నిషిద్ధం, గుంపుగా వెళ్తే ఒకే వరసలో 5 మంది, జంటలుగా అయితే 10 మంది దాటకూడదు. దారుల్లో స్పీడు కూడా గుర్తుంచుకోండి, సైకిల్ దారిలో 25, ఫుట్‌పాత్ మీద 10. పక్కనే సైకిల్ దారి ఉండి, ఫుట్‌పాత్‌ని నడిచేవాళ్ళకి మాత్రమే అని గుర్తు వేస్తే, 2025 జూలై నుంచి దానిమీదికి సైకిల్ ఎక్కించకూడదు. మీలా బాగా తొక్కేవాళ్ళే ఈ విషయంలో ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి, దారిలో ఎదురొచ్చే ముసలమ్మకి మీకు ఎంత బాగా తొక్కడం వచ్చో తెలియదు, మీద పడతారేమోనన్న భయమే తెలుసు.

ప్రశ్న: పాములు, కోతులు ఉంటాయా? – ఈషున్

జవాబు: ఉంటాయి. కోతులకి తినేది చూపించకండి, సంచి జిప్పు వేసి ఉంచండి, తినిపించడం నేరం కూడా. ఎక్కువగా ఎదురయ్యేది ఉడుము, దారికి అడ్డంగా పడుకుంటుంది. ఆగి, అది వెళ్ళేదాకా చూడండి, ఏమీ చెయ్యదు. నేను పాముల కంటే పిడుగుకి భయపడతాను. ఇక్కడ మధ్యాహ్నాలు ఆకాశం పది నిమిషాల్లో నల్లబడుతుంది, ఉరుము వినపడగానే చెట్టు కిందికి కాదు, పైకప్పున్న షెల్టర్‌లోకి వెళ్ళండి, ఉరుములు ఆగి అరగంట అయ్యేదాకా బయటికి రావద్దు.

ప్రశ్న: మేడం, మీ కాలమ్ ప్రతి నెలా చదువుతాను. నాకు 52 ఏళ్ళు. సైకిల్ అసలు రాదు. మా ఊళ్ళో ఆడపిల్ల సైకిలెక్కితే ఊరుకునేవాళ్ళు కాదు, తమ్ముడు నేర్చుకుంటుంటే వెనక పట్టుకుని పరిగెత్తేదాన్ని. ఇప్పుడు పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, తీరిక ఉంది. ఈ వయసులో నేర్చుకోవచ్చా? నలుగురూ చూస్తే సిగ్గుగా ఉంటుంది. – పేరు వద్దు, వుడ్‌లాండ్స్

జవాబు: మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తమ్ముడి సైకిల్ వెనక పరిగెత్తినవాళ్ళు మన తరంలో ఎంతమందో. నేర్చుకోవచ్చు, తప్పకుండా. పెద్దయ్యాక నేర్చుకునేవాళ్ళకి ఎవరూ వెనక పట్టుకుని పరిగెత్తక్కర్లేదు, పట్టుకుంటే ఇంకా ఆలస్యం అవుతుంది, ఎందుకంటే బ్యాలెన్స్ పట్టుకున్నవాళ్ళ చేతిలో ఉంటుంది గానీ మీ నడుములో ఉండదు.

చక్రాలు చిన్నవిగా ఉండి, మధ్యలో బార్ కిందికి వంగిన సైకిల్ తీసుకోండి, మడతపెట్టే సైకిల్ సరిగ్గా సరిపోతుంది. రెండు పెడల్స్ విప్పేయండి. సీటు పూర్తిగా కిందికి. కూర్చుని, రెండు కాళ్ళతో నేలని తన్నుకుంటూ నడవండి, చిన్నపిల్లల బండిలాగా. మొదటి రోజు అరగంట అదే పని, బ్రేకు పట్టి ఆపడం కూడా దాంట్లోనే నేర్చుకోండి. రెండో రోజో మూడో రోజో, ఒక తన్నుకీ ఇంకో తన్నుకీ మధ్య పాదాలు గాల్లో ఉండే సమయం దానంతట అదే పెరుగుతుంది. ముందు చక్రం వైపు చూడొద్దు, దూరంగా ఉన్న ఒక చెట్టుని చూడండి. నాలుగు మీటర్లు, అయిదు మీటర్లు కాళ్ళు ఎత్తి పోగలిగిన రోజున పెడల్స్ బిగించుకోండి. కొందరికి మూడు రోజులు, కొందరికి మూడు వారాలు, రెండూ మంచివే.

చోటు గురించి. ఈస్ట్ కోస్ట్ పార్కులో కొత్తగా నేర్చుకునేవాళ్ళకోసమే చిన్న సర్క్యూట్ వేసిన సైక్లిస్ట్ పార్కు ఉంది, పనిరోజు పొద్దున్న ఏడింటికి వెళ్తే పెద్దగా ఎవరూ ఉండరు. మీకు దూరం అవుతుంది కాబట్టి మొదటి వారం వుడ్‌లాండ్స్‌లోనే మీ బ్లాకుకి దగ్గరున్న పార్కులో, గడ్డి పక్కన కొంచెం వాలుగా ఉన్న చోటు చూసుకోండి. ఎవరో చూస్తారు, నిజమే. నేను ఇన్నేళ్ళలో గమనించింది, అలా చూసే ముసలివాళ్ళు బొటనవేలు పైకెత్తి చూపిస్తారు, అంతే.

పెడల్స్ విప్పడానికి 15 నంబరు స్పానర్ కావాలి, కొన్నిటికి ఆరు పలకల కీ పడుతుంది. ఒక విషయం ముందే తెలుసుకోండి, కుడి పెడల్ మామూలు బోల్టులాగే ఎడమవైపుకి తిప్పితే వదులవుతుంది, ఎడమ పెడల్ మాత్రం మర తిరగబడి ఉంటుంది, దాన్ని కుడివైపుకి తిప్పాలి. తెలియక బలంగా అటే బిగిస్తే మర పాడవుతుంది. విప్పిన రెండు పెడల్స్ మీద 'ఎ', 'కు' అని టేపు అంటించి డబ్బాలో పెట్టుకోండి, వాటితో త్వరలోనే పని పడుతుంది. బిగించిన రోజున నాకు రాయండి.